బొమ్మల చదువుకి ఎంత అప్పు చెయ్యొచ్చు?

ఈ ఏడాది నన్ను ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు. కంప్యూటర్ యానిమేషన్ కోసమే పెట్టిన స్కూల్లో చేరడం మంచిదా, కాదా అని.

మొదటిది మా అక్క కూతురు. వర్జీనియాలో హైస్కూలు చివరి సంవత్సరం. పేరున్న ఒక యానిమేషన్ కాలేజీలో సీటొచ్చింది, వాళ్ళ రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సుకీ సీటొచ్చింది. రెండోవాడు గుంటూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా పెదనాన్నగారి మనవడు. వాడి తరఫున అడిగింది మా అన్నయ్య. మూడో ఆయన నాతో పనిచేసే కన్సల్టెంటు. నాలాగే ఇక్కడ ఎమ్మెస్ చేసి పదేళ్ళుగా బ్యాంకులకీ, ఇన్సూరెన్సు కంపెనీలకీ ప్రోగ్రాములు రాస్తున్నాడు. ఉద్యోగం మానేసి యానిమేషన్ నేర్చుకుందామని రెండేళ్ళుగా అనుకుంటున్నాడు, అనుకుంటూనే ఉన్నాడు.

నన్నే ఎందుకడిగారంటే, నేనొక యానిమేషన్ స్టూడియోలో రెండేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశాను. అలాగని గొప్పగా ఊహించుకోకండి. ఆ రెండేళ్ళలో నేనొక్క బొమ్మ కూడా గీయలేదు. బొమ్మలు చేసేవాళ్ళ ఫైళ్ళు ఒక డిపార్టుమెంటు నుంచి ఇంకో డిపార్టుమెంటుకి పాడవకుండా చేర్చే ప్రోగ్రాములు రాశాను. పెళ్ళిలో వంట చేసేవాణ్ణి కాదు, వంటవాళ్ళకి సరుకులందించేవాణ్ణి. కానీ వంటింట్లో ఏం జరుగుతోందో సరుకులందించేవాడికి బాగానే తెలుస్తుంది.

ముగ్గురికీ నేను చెప్పిన జవాబులు వేరు, కొలబద్ద మాత్రం ఒకటే. స్కూలు మంచిదా, ఆ రంగానికి భవిష్యత్తు ఉందా, పిల్లకి ప్రతిభ ఉందా అన్నవి అందరూ ముందు అడిగే ప్రశ్నలు. నా మటుకు అవన్నీ రెండో వరసలోవి. చదువు పూర్తయ్యే రోజుకి నెత్తిమీద ఎంత అప్పుంటుంది అన్నదే మొదటి ప్రశ్న. ఇది డబ్బుకీ కళకీ మధ్య పోటీ అని కాదు. ఈ వృత్తి నడిచే తీరు అలాంటిది కాబట్టి.

ముందుగా మన ఇళ్ళల్లో ఉండే ఒక అపోహ సంగతి. "దానికి కంప్యూటరంటే ఇష్టం, బొమ్మలంటే ఇష్టం, రెండూ కలిస్తే కంప్యూటర్ యానిమేషనే కదరా" అంది మా అక్క. వినడానికి బానే ఉంది. కానీ ఇందులో కంప్యూటర్ అన్నమాట మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. కాలిఫోర్నియాలోని కాల్ ఆర్ట్స్‌కో, కెనడాలోని షెరిడన్‌కో దరఖాస్తు పెడితే వాళ్ళు అడిగేది మీరు రాసిన ప్రోగ్రాములు కాదు. ఎదురుగా మనిషిని నిలబెట్టుకుని, చూసి గీసిన బొమ్మలు అడుగుతారు. భుజం మీద బరువు పడితే నడుము ఎటు వంగుతుందో మీకు కనిపిస్తోందా లేదా అన్నది వాళ్ళకి కావాలి.

లోపలికెళ్ళాక మొదట చేయించే అభ్యాసాల్లో ఒకటి బంతి ఎగరడం. ఒక మామూలు గుండ్రటి బంతి. రంగు లేదు, మొహం లేదు. అదే బంతిని ఒకసారి పింగ్‌పాంగ్ బంతిలా, ఒకసారి ఇనప గుండులా, ఒకసారి నీళ్ళు నింపిన బుడగలా ఎగిరించాలి. ఆకారం మార్చకుండా, సెకనుకి 24 ఫ్రేముల్లో ఏ ఫ్రేములో బంతి ఎక్కడుండాలి అన్నదొక్కటే మార్చి, చూసేవాడికి బరువు తెలిసేలా చెయ్యాలి. బుడగకి మాత్రం కాస్త సాగడం, అణగడం అదనం. డిస్నీలో దశాబ్దాలు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ ఇలాంటి సూత్రాలు పన్నెండు కూర్చి 1981లో పుస్తకం వేశారు. అవి చేత్తో గీసే బొమ్మల కోసం పుట్టినవి. కంప్యూటరు బొమ్మలకీ ఆ సూత్రాలే వర్తిస్తాయని జాన్ లాసెటర్ 1987లో సిగ్గ్రాఫ్ సమావేశంలో ఒక పత్రం చదివి చూపించాడు. యంత్రం మారింది, చదువు మారలేదు.

మనవాళ్ళకి ఇంకా సులువుగా చెప్పాలంటే 2012లో వచ్చిన 'ఈగ' గుర్తుచేసుకోండి. హైదరాబాదులోని మకుట సంస్థ చేసిన పని అది. ఈగకి మాటల్లేవు, మనిషి మొహం లేదు. అయినా దానికి ఎప్పుడు కోపమొచ్చిందో, ఎప్పుడు నవ్వొచ్చిందో హాల్లో చిన్నపిల్లలకి కూడా తెలిసింది. అది సాఫ్ట్‌వేర్ చేసిన పని కాదు. ఎవరో కూర్చుని ఆ ఈగ చేత నటింపజేశారు. యానిమేటరంటే తెర మీద కనపడని నటుడు. కాబట్టి మీ పిల్లవాడు కంప్యూటర్ ముందు నుంచి లేవడంలేదు అన్నది అర్హత కాదు. వాడు మనుషుల నడక చూస్తాడా, తాతయ్య కుర్చీలోంచి లేచే తీరు అనుకరిస్తాడా, ఎవరూ చెప్పకుండా గీస్తాడా? అవి అర్హతలు.

మరి స్కూలు ఇచ్చేదేమిటి? సాఫ్ట్‌వేర్ నేర్పడానికే అయితే స్కూలు అక్కర్లేదు. బ్లెండర్ 2002 నుంచీ అందరికీ ఉచితం. స్టూడియోల్లో వాడే మాయా విద్యార్థులకి ఉచితంగా ఇస్తున్నారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన 'ఫ్లో', లాత్వియా దర్శకుడు ఆ బ్లెండర్‌తోనే తీసిన సినిమా. మాటల్లేని పిల్లి కథ. కోట్ల డాలర్ల సినిమాలని పక్కకి నెట్టి గెలిచింది. కాబట్టి "మా దగ్గర ఫలానా సాఫ్ట్‌వేర్ నేర్పుతాం" అని ఏ స్కూలైనా చెబితే, అది తేరగా దొరికేదానికి వెలకట్టడమే.

స్కూలు నిజంగా ఇచ్చేవి మూడు. మొదటిది సమయం. నాలుగేళ్ళపాటు వేరే ధ్యాస లేకుండా ఒకే పని. రెండోది తిట్లు. స్టూడియోల్లో డైలీస్ అని ఉంటుంది. నిన్న చేసినదాన్ని ఇవాళ అందరి ముందూ పెద్ద తెర మీద వేస్తారు. "ఈ చెయ్యి తేలిపోతోంది, బరువు లేదు, మళ్ళీ చెయ్యి" అంటారు. వారం కష్టపడి చేసిన మూడు సెకన్లు పోతాయి. నేను ఆ గది వెనక కూర్చుని చూసేవాణ్ణి. కొత్తగా వచ్చినవాళ్ళలో స్కూల్లో ఈ తిట్లు తిన్నవాడెవడో, ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవాడెవడో మొదటి వారంలోనే తెలిసిపోయేది. స్కూలు నుంచి వచ్చినవాడు రాసుకుని వెళ్ళిపోయేవాడు. రెండోవాడు వాదించేవాడు. వాడి పని తక్కువని కాదు, తన పనిని తనే కాస్త దూరం నుంచి చూసే అలవాటు లేదంతే.

మూడోది తోటివాళ్ళు. 1970లలో కాల్ ఆర్ట్స్‌లో జాన్ లాసెటర్, బ్రాడ్ బర్డ్ కలిసి చదివారు. దాదాపు ముప్పయ్యేళ్ళ తర్వాత బర్డ్ వచ్చి లాసెటర్ ఉన్న పిక్సార్‌లో 'ది ఇన్‌క్రెడిబుల్స్' తీశాడు. స్టూడియోలో ఖాళీ వస్తే ముందు గుర్తొచ్చేది పక్క బెంచీవాడే. మన ఎమ్మెస్ రూమ్మేట్ల రిఫరల్ వ్యవహారం లాంటిదే ఇది కూడా.

ఈ మూడూ విలువైనవే. మొదటిదీ మూడోదీ స్కూలు బయట దొరకడం కష్టం కూడా. రెండోదానికి మాత్రం 2005లో యానిమేషన్ మెంటర్ మొదలైనప్పటి నుంచీ ఒక దారుంది. స్టూడియోల్లో పనిచేసే యానిమేటర్లే ఇంటర్నెట్లో మీ పని చూసి దిద్దుతారు. ఖర్చు నాలుగేళ్ళ కాలేజీలో చిన్న ముక్క. సరే, ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి స్కూలు మంచిదే కదా అంటారు. మంచిదే. ఇప్పుడు బయటికొచ్చాక ఏమవుతుందో చూద్దాం.

'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని చేసింది రిథమ్ అండ్ హ్యూస్ అనే లాస్ ఏంజెలెస్ కంపెనీ. దానికి మన హైదరాబాదులోనూ ఒక శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో, రెండువారాలకి, ఆ పులికి ఆస్కార్ వచ్చింది. లోపల బహుమతి ఇస్తుంటే బయట రోడ్డు మీద ఆ రంగంలో పనిచేసేవాళ్ళు అట్టలు పట్టుకుని నిరసన చేశారు. 2024 మే నెలలో పిక్సార్ తన సిబ్బందిలో సుమారు 14 శాతం మందిని, అంటే 175 మంది దాకా, తీసేసింది. 2024 డిసెంబరులో 'ముఫాసా' విడుదలైంది. దానికి పనిచేసిన ఎంపీసీ, దాని మాతృసంస్థ టెక్నికలర్‌తో సహా 2025 ఫిబ్రవరిలో కుప్పకూలింది. బెంగళూరులో వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు.

ఇవన్నీ పని రానివాళ్ళ కంపెనీలు కావు. ప్రపంచంలో ఆ పని బాగా చేసేవాళ్ళవి. మరెందుకిలా? గ్రాఫిక్స్ కంపెనీలు ముందే ఒక ధరకి ఒప్పుకుని పని తీసుకుంటాయి. దర్శకుడు పులి మీసాలు పదిసార్లు మార్చమన్నా ధర పెరగదు. ఇక పని ఎక్కడ పన్ను రాయితీ ఎక్కువుంటే అక్కడికి పోతుంది. ఒకప్పుడు లాస్ ఏంజెలెస్, తర్వాత వాంకూవర్, లండన్, మాంట్రియల్. కూలి తక్కువని కొంత పని బెంగళూరు, ముంబై, హైదరాబాదు. మనం హైదరాబాదులో విమానం ఎక్కి ఇటొస్తుంటే ఈ పని ఇటునుంచి అటెళ్ళింది. సినిమా అయిపోగానే టీములో సగంమందికి సెలవు చెప్పడం వీళ్ళకి మామూలు. నేను పనిచేసినచోట కూడా ఒక సినిమా ముగిశాక మా అంతస్తులో సగం బల్లలు ఖాళీ అయ్యాయి. ఎవరూ ఆశ్చర్యపోలేదు. వీడ్కోలు కేకు కోసుకుని, ఎవరు ఏ ఊరు వెళ్తున్నారో చెప్పుకున్నారు.

ఇదీ వృత్తి నడిచే తీరు. సినిమాకీ సినిమాకీ మధ్య ఆరు నెలలు జీతం లేకుండా ఉండగలగాలి. వాంకూవర్లో పనుందంటే వెళ్ళగలగాలి. తక్కువ జీతమైనా మంచి సినిమా అయితే ఒప్పుకోగలగాలి. అప్పులేనివాడికి ఇవన్నీ ఇబ్బందులు. నెలనెలా వాయిదా కట్టాల్సినవాడికి ఇవి అసాధ్యాలు. అతను మొదటి ఖాళీలోనే ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతాడు. ఆ అప్పు ఏ చదువు కోసం చేశాడో ఆ చదువుని వదిలేసి, అప్పు తీర్చడం కోసం ఇంకో పని చేస్తాడు. అంటే పెద్ద అప్పు ఈ చదువుకి దారి వెయ్యదు, చదివిన తర్వాత దారి మూసేస్తుంది.

ఇప్పుడు మా అక్కవాళ్ళ లెక్క. ఆ కాలేజీ పంపిన కాగితం ప్రకారం ఫీజు, హాస్టలు, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు. వాళ్ళు కట్టగలిగింది 30 వేలు. ప్రభుత్వ యూనివర్సిటీలో అయితే మొత్తం ఖర్చే దాదాపు అంత. కాబట్టి యానిమేషన్ కాలేజీకి ఏడాదికి 50 వేలు తక్కువ, నాలుగేళ్ళకి 2 లక్షల డాలర్లు. ఇందులో పిల్ల పేరు మీద నాలుగేళ్ళకీ కలిపి మామూలుగా దొరికే ఫెడరల్ రుణం 27 వేలు మాత్రమే. 2025లో చేసిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునే తల్లిదండ్రుల రుణానికి ఏడాదికి 20 వేలు, ఒక్కో బిడ్డకి మొత్తం 65 వేలు అని పరిమితి పెట్టారు. రెండూ కలిపితే 92 వేలు. మిగతా లక్షా 8 వేలు ప్రైవేటు బ్యాంకు దగ్గర, మా బావగారి హామీ సంతకంతో.

మొత్తం 2 లక్షలు సగటున 8 శాతం వడ్డీకి, పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 2,400 డాలర్లు. చదివే నాలుగేళ్ళ వడ్డీ కలపకుండానే. 22 ఏళ్ళ పిల్ల, ఏ ఊళ్ళో ఉంటుందో తెలియని ఉద్యోగం, అద్దె కాక నెలకి 2,400. పైగా ఇక్కడ విద్యార్థి రుణం దివాలా తీసినా అంత తేలిగ్గా పోదు.

ఈ లెక్క ఫోన్లో చెప్తుంటే అవతల చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా బావగారు, మొదటినుంచీ ఈ చదువు వద్దన్న మనిషి, "షాద్‌నగర్ దగ్గర స్థలం ఇప్పుడమ్మితే ఎంతొస్తుందంటావ్?" అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. వద్దనే నాన్నలందరూ పిల్లల్ని అర్థం చేసుకోనివాళ్ళు కాదు.

అయితే దాని గురించీ నాకొక అభిప్రాయముంది. స్థలం అమ్మితే అది అప్పు కాదు, నిజమే. పిల్ల నెత్తిమీద భారం ఉండదు. కానీ ఆ స్థలానికి ఇంకో పేరుంది, వాళ్ళిద్దరి రిటైర్మెంటు. అమ్మదల్చుకుంటే ఆ సంగతి పిల్లకి తెలియకుండా అమ్మకూడదు. పదిహేడేళ్ళ పిల్ల ఇంత లెక్క వినగలదు. వినిపించకుండా "నీకెందుకు, మేం చూసుకుంటాం" అంటే, ఆ త్యాగం తర్వాత ఎప్పుడో వడ్డీతో సహా మాటల్లో బయటికొస్తుంది. మన ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాం కదా.

ఇక్కడ ఒక న్యాయమైన ఎదురుప్రశ్న ఉంది. అది మా మేనకోడలే వేసింది. "మామయ్యా, నువ్వు ఎమ్మెస్‌కి అప్పు చేసే కదా వచ్చావ్? అప్పుడెవరూ ఆపలేదేం?" అని. నిజమే. తాతయ్యగారి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చినవాణ్ణే నేను. కానీ నా అప్పుకీ ఈ అప్పుకీ తేడా ఉంది. ప్రోగ్రామరు కావలసినవాళ్ళు ఒక్క సాఫ్ట్‌వేర్ కంపెనీలే కాదు. బ్యాంకు, ఆసుపత్రి, కిరాణా గొలుసు దుకాణం, ఊరి కౌంటీ ఆఫీసు, అందరికీ కావాలి. ఒకచోట పోతే ఇంకోచోట దొరుకుతుంది, అదే ఊళ్ళో. సినిమా యానిమేటరు కావలసినవాళ్ళు లెక్కపెట్టగలిగినంతమంది, అదీ కొన్ని ఊళ్ళలోనే. నా అప్పు రెండేళ్ళ చదువుది, ఆమెది నాలుగేళ్ళది. అప్పు ఎంత పెద్దదో కాదు, తీర్చే దారులు ఎన్నున్నాయో చూడాలి.

అలాగని "అందుకే సాఫ్ట్‌వేరే శరణ్యం" అనే వర్గంలో నన్ను కలపకండి. 2022 చివర్నుంచి సాఫ్ట్‌వేర్లో ఎంతమంది ఉద్యోగాలు పోయాయో మనకి తెలుసు. మన పాట్లక్ పార్టీల్లో సగం మాటలు ఇప్పుడవే. "ముందు కంప్యూటర్ సైన్సు చదువు, బొమ్మలు సరదాకి వేసుకో" అనే సలహా కూడా నాకు నచ్చదు. అది సలహా కాదు, మర్యాదగా వద్దనడం. వారానికి నలభై గంటలు ప్రోగ్రాములు రాసి, ఇంటికొచ్చి సరదాగా బొమ్మలు వేసి యానిమేటరైనవాణ్ణి ఆ స్టూడియోలో నేనొక్కణ్ణి కూడా చూడలేదు.

ఇక కృత్రిమ మేధ. ఆ మాట ఎత్తకుండా ఈ రోజుల్లో ఏ చదువు గురించీ మాట్లాడలేం. మాటలిస్తే వీడియో చేసిపెట్టే ప్రోగ్రాములు వచ్చేశాయి. నా అంచనా ప్రకారం ముందు తగ్గేది తెర మీద ఒక్కో ఫ్రేమూ కత్తిరించి అంచులు శుభ్రం చేసే పనులు. కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చేవీ, బెంగళూరుకీ హైదరాబాదుకీ పంపేవీ చాలావరకు అవే. నటన తెలిసినవాడికి ఇంకొంత కాలం పనుంటుంది. కానీ మెట్లలో కింది మెట్టు తీసేస్తే పైకి ఎక్కేదెలా అన్నది నిజమైన సమస్యే. ఇది అప్పు గురించి నేను చెప్పినదాన్ని బలపరుస్తుంది తప్ప మార్చదు. రేపు ఎలా ఉంటుందో తెలియనిచోట చేతులు కట్టేసుకుని అడుగు పెట్టకూడదు.

ఇంతకీ ఎవరికేం చెప్పానంటే:

మా మేనకోడలు నిజంగా గీస్తుంది. ఎనిమిదో క్లాసు నుంచీ నింపిన నోటుపుస్తకాలు అట్టపెట్టెలో ఉన్నాయి. కాబట్టి స్కూలు ఆమెకి తగినదే. కానీ తన పేరు మీద వచ్చే ఆ 27 వేల ఫెడరల్ రుణం దాటి అప్పు కావలసివస్తే వద్దన్నాను. ముందు స్కాలర్‌షిప్ పెంచమని కాలేజీకి ఉత్తరం రాయమన్నాను. అడిగితే పెంచిన సందర్భాలున్నాయి, అడగనివాళ్ళకి ఎవరూ పెంచరు. పెంచకపోతే ప్రభుత్వ యూనివర్సిటీలో చేరి, కంప్యూటర్ సైన్సులో కాదు, అక్కడి ఆర్ట్ విభాగంలో చేరి, మిగిలే డబ్బుతో ఇంటర్నెట్లో యానిమేటర్ల దగ్గర నేర్చుకోవచ్చు. రెండేళ్ళ తర్వాత చేతిలో ఒక నిమిషం మంచి రీలు ఉంటే ఏ కాలేజీకైనా మారొచ్చు, లేదా పైచదువుకి వెళ్ళొచ్చు. స్టూడియోలో ఆ నిమిషం రీలే చూస్తారు, పట్టా ఎక్కడిదని తర్వాత అడుగుతారు. "కంప్యూటర్ సైన్సులో కాదు" అన్నమాట మా బావగారికి నచ్చలేదు. చెప్పడం నా వంతు.

గుంటూరు అబ్బాయి సంగతి వేరు. హైదరాబాదులో ఒక ఇన్‌స్టిట్యూటు వాళ్ళు మూడు లక్షలు కట్టమంటున్నారు, "వంద శాతం ప్లేస్‌మెంట్ సహాయం" అంటున్నారు. సహాయం అన్న మాట గమనించండి, ఉద్యోగం అనలేదు. ఇలాంటి మాటలకి అమెరికాలో ఏమైందో అన్నయ్యకి చెప్పాను. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్ అని ఇక్కడ పెద్ద కాలేజీల గొలుసు ఉండేది. 2023 సెప్టెంబరులో పూర్తిగా మూతపడింది. ఉద్యోగాల గురించి విద్యార్థులని తప్పుదోవ పట్టించారని తేల్చి, 2024 మే నెలలో ప్రభుత్వం 3 లక్షల 17 వేల మందికి చెందిన 610 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది. మనూళ్ళో అలా రద్దు చేసేవాళ్ళెవరూ లేరు. కాబట్టి కిందటేడు ఆ బ్రాంచిలో చదివినవాళ్ళు పదిమంది ఫోన్ నంబర్లు అడగమన్నాను. ఇవ్వకపోతే అదే జవాబు. ఈలోగా పిల్లవాణ్ణి ఆరు నెలలు ఇంట్లో బ్లెండర్‌తో బంతి ఎగిరించమన్నాను. ఆరు నెలలూ విసుగు లేకుండా చేస్తే, అహ్మదాబాద్ ఎన్.ఐ.డి. ప్రవేశపరీక్షకో, ఐఐటీల్లో డిజైన్ చదువుకి పెట్టే యూసీడ్‌కో తయారవ్వొచ్చు. పైచదువుకి బొంబాయి ఐఐటీలో యానిమేషన్ ఉంది. ఇంకో సంగతి, తర్వాత అమెరికా వద్దామనుకునేవాళ్ళు డిగ్రీ కోడ్ చూసుకోవాలి. ఇక్కడి యానిమేషన్ డిగ్రీలన్నీ స్టెమ్ జాబితాలో లేవు. లేనిదైతే చదువయ్యాక పనిచేసుకోడానికి 12 నెలలే, ఉన్నదైతే ఇంకో 24.

ఇక మా కన్సల్టెంటు మిత్రుడు. ఆయన రాజీవ్ చిలక ఉదాహరణ చెప్తాడు. మనలాగే ఇక్కడ కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, ఉద్యోగం వదిలి, శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదివి, 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ పెట్టాడు. ఛోటా భీమ్ టీవీలో మొదలైంది 2008లో. మధ్యలో ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళు తట్టుకోగలవా అన్నదే ప్రశ్న అన్నాను. ఇంటి అప్పు, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషి తనని తాను అడగాల్సింది అదొక్కటే.

కానీ ఆయనకి ఇంకో తలుపుంది, అది ఆయనకి కనబడటంలేదు. చిన్నప్పుడు డిస్నీ యానిమేటర్ కావాలనుకుని, అంత బాగా గీయలేనని కంప్యూటర్ సైన్సుకెళ్ళినవాడు ఎడ్ క్యాట్మల్. 1974లో యూటాలో డాక్టరేటు, 1986లో పిక్సార్, 1995లో 'టాయ్ స్టోరీ', చివరికి ట్యూరింగ్ అవార్డు. స్టూడియోలకి గీసేవాళ్ళతోపాటు ప్రోగ్రాములు రాసేవాళ్ళూ కావాలి. పిక్సార్ తన యూఎస్‌డీ కోడ్ 2016 నుంచీ అందరికీ ఇచ్చేసింది. కొన్ని నెలలు రాత్రిళ్ళు కూర్చుని ఆ కోడ్‌లో ఏదైనా సరిచేసి చూపిస్తే, ఫీజు కట్టకుండానే ఆయనకిష్టమైన వంటింట్లో అడుగుపెట్టొచ్చు. చదువే కావాలంటే టెక్సాస్ ఏ అండ్ ఎం లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లో రెండు రకాలవాళ్ళనీ కలిపి చదివించే విజువలైజేషన్ కోర్సులున్నాయి. "నాకు సరుకులందించడం కాదు, వండటం కావాలి" అన్నాడాయన. అలా అయితే ఇవాళ రాత్రి నుంచే బంతి ఎగిరించమన్నాను. నవ్వాడు. మూడు వారాలైంది, నిన్న ఒక బంతి పంపించాడు. మరీ తేలిగ్గా ఎగురుతోంది కానీ, రెండేళ్ళ ఆలోచన కంటే అది మెరుగు.

అక్కవాళ్ళు మే 1 లోపు తేల్చుకోవాలి. ఉత్తరం రాశారు, జవాబింకా రాలేదు. ఈ టపా చదివేవాళ్ళలో స్టూడియోల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళుంటే, ముఖ్యంగా అప్పు చేసి చదివి అది తీర్చేసినవాళ్ళుంటే, ఎలా తీర్చారో, ఎన్నేళ్ళు పట్టిందో రాయండి. నా లెక్క మరీ పిరికిదైతే మా మేనకోడలికి ఆ సంగతి ఈ నెల్లోనే తెలియాలి.